మూడో పేజీ గురించి

చిరంజీవి మధుకు,

విమాన ప్రమాదం మీద నీ వ్యాసం అందింది. మాడిన నేల, తాడు అవతల సెల్‌ఫోన్లు ఎత్తి నిలబడ్డ జనం, అదంతా బాగుంది. మూడో పేజీకి వచ్చేసరికి "శిక్షణ కుర్రాడు కంగారులో స్టిక్ తప్పుగా లాగాడు" అన్నావు, అంటే విమానాన్ని నడిపే కర్ర. ఒళ్లు మండింది.

2023 డిసెంబర్ 4న దుండిగల్ వైమానిక దళ అకాడమీ నుంచి లేచిన ఆ పిలాటస్ శిక్షణ విమానంలో ఉన్నది ఇద్దరే, నేర్పేవాడూ నేర్చుకునేవాడూ. తూప్రాన్ దగ్గర ఇద్దరూ పోయారు. ముందు సీట్లోనూ వెనక సీట్లోనూ కంట్రోల్స్ ఉండే విమానం అది. ఆ క్షణాన ఎవరి చెయ్యి దేనిమీద ఉందో నీకెవరు చెప్పారయ్యా? చచ్చిపోయినవాడు వచ్చి ఖండించడనేగా ఈ ధైర్యం!

కూనూరు గుర్తుందా? 2021 డిసెంబర్‌లో త్రివిధ దళాధిపతి జనరల్ రావత్‌తో పాటు మన చిత్తూరు జిల్లా సైనికుడు సాయితేజ కూడా పోయిన హెలికాప్టర్ ప్రమాదం. సాయంత్రానికల్లా టీవీల్లో కుట్ర కథలు మొదలయ్యాయి. ఐదు వారాలు దాటాక ఎంక్వైరీ తొలి నివేదికలో తేలిందేమిటి? విద్రోహం కాదు, యంత్రలోపం కాదు, నిర్లక్ష్యమూ కాదు. లోయలో వాతావరణం ఉన్నట్టుండి మారి హెలికాప్టర్ మబ్బుల్లోకి వెళ్లింది, పైలట్‌కు దిక్కు తెలియలేదు, కొండకు తగిలింది. కుట్ర కథలు చెప్పినవాళ్లలో ఒక్కడైనా చెంపలేసుకున్నాడా?

అలాగని నోరు మూసుకోమనడం లేదు. 2019 ఫిబ్రవరిలో కశ్మీర్‌లోని బడ్గాంలో వైమానిక దళ హెలికాప్టర్ కూలితే ముందు సాంకేతిక లోపమనే వార్తలొచ్చాయి. మన క్షిపణే తగిలిందని వైమానిక దళాధిపతి ఒప్పుకునేసరికి అక్టోబర్ వచ్చింది. పౌర విమానాల దర్యాప్తు నివేదికలు జనానికి దొరుకుతాయి. మిలిటరీవి మామూలుగా దొరకవు. రాసేవాడి పట్టుదల అక్కడ కనపడాలి. ఎంక్వైరీ అయ్యేదాకా కారణం జోలికి పోకు. అయ్యాక ఏం తేలిందో చెప్పమని వదలకుండా అడుగు. మన పత్రికలు సరిగ్గా తలకిందులుగా చేస్తాయి. మొదటి రోజు మూడు పేజీలు, నివేదిక వచ్చిన రోజు లోపలి పేజీలో నాలుగు లైన్లు.

2016 జూలైలో నేను విశాఖలో ఉన్నాను. 29 మందితో పోర్ట్‌బ్లెయిర్ వెళ్తున్న వైమానిక దళ రవాణా విమానం ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో ఎనిమిది మంది విశాఖలో పనిచేసేవాళ్లే. మా ఎడిటర్ ఫోన్ చేసి, "సాయంత్రానికి కారణం కావాలి" అన్నాడు. విమానమే దొరకలేదు, కారణం ఎక్కణ్ణుంచి తేను అన్నాను. మర్నాటి నుంచి నా కాలమ్ లేదు. ఇంటి అద్దెకు అప్పు చేశాను. ఆ శకలాల ఫొటోలు బయటికొచ్చింది 2024 జనవరిలో, అదీ 3,400 మీటర్ల లోతు నుంచి. ఆయనకేమో సాయంత్రానికి కావాలట!

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. ఆ మూడో పేజీ తీసేసి మిగతాది మళ్లీ రాసి పంపు. పోస్టులోనే పంపు, వాట్సాప్‌లో నాకు అక్షరాలు కనపడవు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు