71 కిలోలకు కడుపు ఆపరేషన్ చేయించుకోవాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నాకు 31 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 71 కిలోలు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మావారు పేపరు మిల్లులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఐదేళ్ల పాప ఉంది. పెళ్లప్పుడు 54 కిలోలు ఉండేదాన్ని. కాన్పు తర్వాత పెరిగిన ఒళ్లు ఇక తగ్గలేదు. నెలసరి రెండు నెలలకోసారి వస్తోంది, పీసీఓడీ అనే అండాశయాల సమస్య అన్నారు. తిన్నాక గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. మొన్న వేసవిలో పార్వతీపురంలో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్లాం. బంతిలో కూర్చుంటే వడ్డించే అబ్బాయితో మా అత్తగారు, ‘ఆ పిల్లకి పూర్ణాలు వెయ్యకురా, ఇప్పటికే కుర్చీ సరిపోవట్లేదు’ అన్నారు. బంతంతా నవ్వారు. మావారూ నవ్వారు. మా తోటికోడలి అక్కది కూడా నా ఎత్తే. విశాఖలో కడుపు చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని 108 కిలోల నుంచి 70కి వచ్చింది, షుగరు మాత్రలు కూడా మానేసింది. ఆవిడ ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో మాట్లాడి, ‘మీకూ చెయ్యొచ్చు మేడమ్, ఎత్తూ బరువుల లెక్క బీఎంఐ 27.5 దాటితే చాలు. 3 లక్షలవుతుంది. ఇన్సూరెన్స్ వచ్చేలా మేం చూస్తాం. ఈ నెలాఖరులోపు అయితే తగ్గింపు’ అన్నారు. గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నాను. మావారిని అడిగితే ‘నీ ఇష్టం’ అన్నారు. రెండో బిడ్డ కావాలనీ ఉంది. చేయించుకోమంటారా? (ఉత్తరాన్ని కుదించాం.)

జవాబు: ఇప్పుడైతే వద్దమ్మా. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెబుతాను. చదివాక కూడా మీకు చేయించుకోవాలనే అనిపిస్తే, అప్పుడు ఏ దారిన వెళ్లాలో అదీ చెబుతాను.

మీరు పంపిన పూర్తి ఉత్తరంలో బరువు గురించి ఉన్నవి నాలుగు వాక్యాలు. పార్వతీపురం బంతి గురించి పేజీన్నర రాశారు. ఎవరు ముందు నవ్విందీ, విస్తరి మడిచి లేచి వెళితే వెనకాల ఎవరేమన్నదీ అన్నీ ఉన్నాయి. ఆ ఆసుపత్రి నంబరు మీ దగ్గర ఏడాదిగా ఉంది. ఫోన్ చేసింది మాత్రం ఫంక్షన్ అయిన వారంలో. ఆ మాట ఎంత లోతుగా తగిలిందో నాకు అర్థమైంది. కానీ ఆ మంటలో మీ కడుపులో ముప్పాతిక భాగం తీయించుకోవడం నాకు సబబుగా అనిపించడం లేదు.

ముప్పాతిక అన్నది ఊరికే అన్న మాట కాదు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని 75 నుంచి 80 శాతం దాకా కోసి బయటికి తీసేస్తారు. మిగిలేది సన్నని గొట్టంలాంటి సంచి. తీసిన భాగాన్ని మళ్లీ పెట్టడం కుదరదు. మొదటి వారాలు ద్రవాలే, తర్వాత మెత్తగా చేసినవి, ఆపైన గట్టి తిండి. అన్నంతోపాటు నీళ్లు తాగకూడదు. కొంచెమే పట్టే ఆ కడుపులోకి రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు పంపాలి. విటమిన్, ఐరన్, బీ12 మందులు బతికున్నంత కాలం వాడాలి, క్రమం తప్పకుండా రక్త పరీక్షలు చేయించాలి. మొదటి కొన్ని నెలల్లో చాలామందికి జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది. వేగంగా బరువు తగ్గినవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు పడే అవకాశం ఎక్కువ. ప్రాణాపాయం అరుదే, నిజం చెప్పాలి. కానీ కుట్ల దగ్గర లీకైతే అది అత్యవసరం. అర్ధరాత్రి రాయగడలో మీకు జ్వరం, వాంతులు పట్టుకుంటే విశాఖ ఎంత దూరమో ఆ రైల్లో తిరిగే మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మీ గుండెల్లో మంట సంగతి. ఆ ఫోన్‌లో మాట్లాడినాయన దీని గురించి అడగనే లేదని రాశారు. అడగవలసిన మొదటి ప్రశ్నల్లో అదొకటి. స్లీవ్ తర్వాత చాలామందికి ఈ మంట కొత్తగా మొదలవుతుంది, ముందే ఉన్నవాళ్లకు పెరగొచ్చు. అందుకే గొంతులోంచి కెమెరా గొట్టం పంపే ఎండోస్కోపీ చేసి చూసి, అవసరమైతే ఆ ఆపరేషన్ బదులు గ్యాస్ట్రిక్ బైపాస్ అనే మరో రకం కడుపు ఆపరేషన్ ఆలోచిస్తారు. మీ ఎత్తూ బరువూ వినగానే ‘చెయ్యొచ్చు’ అన్నవాళ్లు మీ ఒంటిని కాదు, నెలాఖరుని చూస్తున్నారు.

ఆయన చెప్పిన 27.5 అంకె మాత్రం అబద్ధం కాదు. బరువును ఎత్తుతో లెక్కగట్టే బీఎంఐ మీకు దాదాపు 28.6 వస్తుంది. లెక్కల టీచరు కదా, మీరే వేసి చూడండి: కిలోలను, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించడమే. 1991లో అమెరికా వైద్యులు పెట్టిన గీత 40. షుగరులాంటి జబ్బులుంటే 35. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆ గీతను కిందికి దించాయి. మనలాంటి ఆసియా వాళ్లకు తక్కువ బరువులోనే షుగరు, గుండెజబ్బు వస్తాయి గనుక 27.5 దాటితే ఆపరేషన్‌ను ఒక మార్గంగా చూపాలన్నాయి. మార్గంగా చూపమన్నాయి గానీ, అందరూ చేయించుకుతీరాలని అనలేదు. మందు, తిండి, నడక పద్ధతిగా ప్రయత్నించి ఫలితం లేనివాళ్ల గురించి, షుగరు అదుపు తప్పినవాళ్ల గురించి ఆలోచించినప్పుడు దానికి అర్థం ఉంటుంది. మీరు ఇప్పటిదాకా షుగరు పరీక్షే చేయించుకోలేదు.

మీ తోటికోడలి అక్కగారిది వేరే కథ. అదే ఎత్తుకు 108 కిలోలంటే బీఎంఐ 43 దాటింది, పైగా షుగరు. ఆవిడకు ఆపరేషన్ మంచి నిర్ణయమే అయి ఉండొచ్చు, నేను కాదనను. ఆవిడ అంత కష్టపడి చేరిన 70, మీరిప్పుడున్న 71కి ఒక్క కిలోయే తక్కువ. ఇది మీరు గమనించారా?

ఇన్సూరెన్స్ మాటకు కూడా పడిపోకండి. మన దేశంలో ఆరోగ్య బీమాల ప్రామాణిక నిబంధన ప్రకారం బరువు తగ్గించే ఆపరేషన్‌కు డబ్బు రావాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోయే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని షుగరులాంటివి ఉండాలి. మీకు రెండూ లేవు. ‘వచ్చేలా చూస్తాం’ అంటే కాగితం మీద మీ బరువో జబ్బో మార్చి రాస్తామనే అర్థం రావచ్చు. అది బయటపడితే పోయేది మీ పాలసీ. గాజులు బీరువాలోనే ఉండనివ్వండి.

రెండో బిడ్డ మాట ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. నాకు అది చిన్న విషయంగా కనబడలేదు. ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు. ఒళ్లు వేగంగా తగ్గుతూ, పోషకాలు తక్కువగా అందుతూ ఉన్నప్పుడు బిడ్డకు మంచిది కాదు. ఈ లెక్క ఆలుమగలిద్దరూ కూర్చుని వేసుకున్నారా? పీసీఓడీకైతే మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి దారిన పడటానికి బాగా సాయపడుతుంది. మీకది మూడున్నర నుంచి ఏడు కిలోలు. 54కి చేరాలన్న పట్టుదల వదిలి 66 దగ్గర ఆగి చూడండి. డాక్టరు అక్కడ ఏమంటారో చూద్దాం.

ఇక మీ రోజు. మీరు రాసినదాన్నిబట్టి పొద్దున టీ, పాప వదిలేసిన ఉప్మా. పదకొండింటికి స్టాఫ్ రూములో సింగడాలు, అంటే సమోసాలు. రెండున్నరకు అన్నం. సాయంత్రం ట్యూషన్ పిల్లలు. మీ వారు బి షిఫ్టు నుంచి వచ్చేదాకా ఆగి, పదిన్నరకు ఆయనతోపాటు పూర్తి భోజనం. అందరూ పడుకున్నాక వంటింట్లో దీపం వెయ్యకుండా డబ్బాలో మిగిలిన స్వీట్లు. ఈ చివరి వాక్యం రాయడానికి మీకు ఎంత సిగ్గేసిందో కొట్టివేతలు చూస్తే తెలిసింది. సిగ్గుపడకండి. పగలంతా పస్తులాంటి తిండి తిని, పదిమందిలో తినాలంటే భయపడే మనిషి రాత్రిపూట తినడం వింతేమీ కాదు. కానీ ఇది ఆపరేషన్‌తో పోయేది కాదు. కడుపు చిన్నదైనా ఐస్‌క్రీమూ రసగుల్లా రసమూ సులువుగానే దిగుతాయి. కొన్నేళ్లకు బరువు తిరిగొచ్చినవాళ్లలో ఇదీ ఒక కారణం. అందుకే పద్ధతిగా చేసే చోట ఆపరేషన్‌కి ముందే మానసిక నిపుణులతో మాట్లాడిస్తారు. మీరు ఇప్పుడే మాట్లాడొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఉచితం. ఒడియాలోనే మాట్లాడాలనేమీ లేదు, తెలుగు ఎంచుకోవచ్చు.

తిండి విషయంలో ఒకే ఒక్క మార్పుతో మొదలుపెట్టమంటాను: ఆయన కోసం ఆగకండి. ఎనిమిదింటికి పాపతోపాటు తినేయండి. ఆయన వచ్చాక పక్కన కూర్చుని మజ్జిగ తాగుతూ కబుర్లు చెప్పండి. భర్త తినకుండా తినడమేమిటని అత్తగారు అనొచ్చు. పుల్లటి తేన్పులకు డాక్టరు చెప్పారనండి. నిజంగానే ఏ డాక్టరైనా చెప్పే మాటే అది. పొద్దున ఆ టీకి ముందు మండియా (రాగి) జావ తాగి బయల్దేరితే సింగడా మీద చెయ్యి దానంతటదే వెనక్కి తగ్గుతుంది. జావలో పంచదార మాత్రం వేసుకోకండి. మధ్యాహ్నం దాల్మా రెండు గరిటెలు ఎక్కువ, అన్నం ఒక గరిటె తక్కువ. మీ వైపు వంటలో ఇంత మంచి పప్పూ కూరగాయలూ కలిసిన వంటకం ఉండగా డైట్ పౌడర్లు కొనడం నాకెప్పుడూ అర్థం కాదు.

దీనికి ముందు జిల్లా ఆసుపత్రికి ఒక పూట వెళ్లి రండి. 30 దాటినవాళ్లకు బీపీ, షుగరు ఉచితంగానే చూస్తారు. థైరాయిడ్, మూడు నెలల సగటు షుగరు తెలిపే హెచ్‌బీఏ1సీ, కాలేయంలో కొవ్వు ఉందేమో చూసే స్కానింగ్ కూడా అడగండి. గైనకాలజిస్టుకు రెండో బిడ్డ ఆలోచన ముందే చెప్పండి, మందులు దాన్నిబట్టి మారతాయి. బరువు తగ్గడానికి వారానికోసారి వేసే ఇంజెక్షన్ల గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశానికి వచ్చాయి. బరువు బాగానే తగ్గిస్తాయి, మానేస్తే చాలావరకు తిరిగొస్తుంది, గర్భం కోసం చూస్తున్నప్పుడు వాడకూడదు. డాక్టరు రాయకుండా మందుల షాపులో కొని వేసుకునే పని అసలే పెట్టుకోకండి.

మీ వారి ‘నీ ఇష్టం’ దగ్గరికి వద్దాం. ఇది అనుమతిలాగా వినబడుతుంది గానీ, తప్పుకోవడం అది. ఆ రోజు ఆయన నవ్వడం మీకు అత్తగారి మాటకంటే ఎక్కువ గుచ్చుకుందని నాకనిపిస్తోంది. ఆ సంగతి ఆయనకు చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. సెలవు రోజున, పాప పక్కన లేనప్పుడు చెప్పండి. బరువు మాటెత్తకండి. ‘ఆవేళ బంతిలో మీరు నవ్వారు, నాకు అన్నం దిగలేదు’ అనండి చాలు. ఆయన సర్దిచెప్పబోతే వినండి, విన్నాక ఒక్కటి అడగండి: ఇకమీదట అమ్మ అలా అంటే ఆపే పని కొడుకుగా ఆయనదే. కోడలు ఎదురు చెబితే గొడవవుతుంది, కొడుకు ‘వదిలెయ్యమ్మా, తిననీ’ అంటే మాట అక్కడితో ఆగుతుంది.

అత్తగారు మారతారని నేను హామీ ఇవ్వలేను. పెద్దవాళ్లు కొందరు ఒంటి గురించే పలకరిస్తారు. ఆపరేషన్ చేయించుకుని మూడు ముద్దలకే చెయ్యి కడుక్కుంటే అదే బంతిలో ‘ఏమీ తినట్లేదేం, పీక్కుపోయింది’ అంటారు. ఈసారి అలా అంటే, ‘ఒక్కటి వెయ్యమనండి అత్తయ్యా, రెండోది నేనే వద్దంటాను’ అని నవ్వుతూ అనేసి, ఆ పూర్ణం తినండి. లేచి వెళ్లిపోకండి.

ఒక ఏడాది ఇలా గడిచాక కూడా బరువు కదలకపోతేనో, షుగరు బయటపడి మందులకు లొంగకపోతేనో, అప్పుడు సర్జన్ దగ్గరికి వెళ్లడం తప్పేమీ కాదు. ఫోన్‌లో బేరమాడేవాళ్ల దగ్గరికి కాకుండా, ఎండోస్కోపీ చేసి, డైటీషియన్‌తో కూర్చోబెట్టి, ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు ఎవరు చూస్తారో కాగితం మీద రాసిచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లండి. మీ వారినీ వెంటబెట్టుకెళ్లండి.

ప్రస్తుతానికి పరీక్షలు చేయించుకుని ఆ అంకెలు నాకు రాయండి. హెచ్‌బీఏ1సీ 5.7 లోపు ఉంటే పైన చెప్పినదే చాలు. 6.5 గానీ అంతకు మించి గానీ వస్తే అది షుగరే, అప్పుడు ఈ జవాబులో కొంత భాగం మార్చి రాయాల్సి వస్తుంది.