అమ్మాయి పరిశోధన చేస్తానంటోంది, పంపవచ్చా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల గుంటలు చేస్తున్నాను. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. వాము, లవంగాల్లోని పదార్థాలు సూక్ష్మజీవుల పొరను ఎలా దెబ్బతీస్తాయో పరిశోధిస్తానని, ఎమ్మెస్సీకి వెళతానని అంటోంది. అంతకంటే ఆరు నెలల ఏఐ డ్రగ్ డిజైన్ కోర్సు మేలు కాదా? ఇప్పటికే ఇరవై ఒకటి నిండాయి.

జవాబు: మీ ఉత్తరంలో అసలు ప్రశ్న చివరి వాక్యమే. అమ్మాయి వయసు రాశారు గాని మార్కులు రాయలేదు. ఒంగోలు నుంచి గూడూరు దాకా నాకు వచ్చే ఉత్తరాల్లో కోర్సుల పేర్లు మారుతుంటాయి గాని, ముప్పై ఏళ్లు వచ్చినా జీతం లేకుండా ఉండిపోతుందేమోనన్న భయం మాత్రం మారదు.

ముందు కోర్సు సంగతి. అటువంటి వాటిలో ఎక్కువగా నేర్పేది డాకింగ్, అంటే ఒక ప్రోటీన్ గుంతలో ఒక అణువు ఎంత బాగా ఇముడుతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టడం. వాములోని థైమాల్ అలా ఒకే తాళానికి పట్టే తాళంచెవి కాదు. అది కొవ్వు పొరలోకే దూరి దాని బిగువును సడలిస్తుంది. ఈ సంగతి డాకింగ్ మార్కులో కనిపించదు. పసుపులోని కుర్కుమిన్ చాలా పరీక్షల్లో మందులా పనిచేస్తున్నట్టు మోసపుచ్చే ఫలితాలనిస్తుందని 2017లోనే ఒక సమీక్షా వ్యాసం గట్టిగా హెచ్చరించింది. కెమిస్ట్రీ పునాది బలపడకముందే చేతికొచ్చే సర్టిఫికెట్ మీద నాకు నమ్మకం లేదు.

మీ అమ్మాయి పట్టుకున్నది అంతకంటే మంచి ప్రశ్న. ప్రయోగశాలలో ఫాస్ఫోలిపిడ్లతో, అంటే కణాల పొరల్లో ఉండే కొవ్వులతో, లైపోసోములనే అతి చిన్న బుడగలు చేసి, వాటిలో కాల్సీన్ అనే రంగును చిక్కగా నింపుతారు. చిక్కగా ఉన్నంతసేపు అది తన వెలుగును తానే అణచుకుంటుంది. థైమాల్ కలిపాక పొర కారితే, ఆ రంగు బయటి నీటిలో పలచబడి ఆకుపచ్చగా మెరుస్తుంది. బ్యాక్టీరియా పొరలో రుణావేశ లిపిడ్లు ఎక్కువ, మన కణాల పొరలో కొలెస్టరాల్ ఉంటుంది కాబట్టి బుడగలను రెండు విధాలా చేసి పోల్చి చూస్తారు. ఆవేశం లేని థైమాల్‌కు ఆ రుణావేశపు ఆకర్షణ అక్కరకు రాదు, దాని సాయంతో బ్యాక్టీరియానే ఎంచి పట్టుకోలేదు కనుక, వాము రేపే యాంటీబయాటిక్ అవుతుందని అమ్మాయి కూడా ఆశపడకూడదు.

అయితే ఈ బుడగల పనితనం వృథా పోదు. 2021లో బ్లాక్ ఫంగస్ రోగుల కోసం ఊరూరా వెతికిన లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌లో మందును మోసింది ఇటువంటి బుడగలే. పరిశోధన కుదరకపోయినా మందుల తయారీ సంస్థల్లో, మందును వాడే రూపానికి తెచ్చే ఫార్ములేషన్ విభాగాల్లో ఈ చేయి తిరిగినవారికి పని ఉంటుంది. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అది రాకుండా పీహెచ్‌డీలో చేరవద్దని నేనే చెబుతాను.

వైట్‌స్పాట్ తెగులుతో రొయ్యల పంట మొత్తం పోయినా మరుసటి కారుకు అప్పు తెచ్చి గుంటలో పిల్ల వదిలే మీరు, ఇంట్లో పిల్ల రెండేళ్ల చదువు దగ్గర ఇంత జంకడం నాకు నచ్చలేదు. యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుందని తెలిసిన మీకు, సూక్ష్మజీవులను అణచే వేరే దారి వెతికే ఆమె ప్రశ్న విలువ నేను చెప్పాలా? జాతీయ సైన్స్ అకాడమీలు ఇచ్చే రెండు నెలల వేసవి ఫెలోషిప్‌కు ముందు దరఖాస్తు చేయించండి. అక్కడ పైపెట్టు పట్టి చూశాక కూడా ఆమె మాట మారకపోతే, ఆ కోర్సుకు దాచిన ఫీజును ఎమ్మెస్సీ హాస్టల్‌కు కట్టండి.