పీవీసీ చిమ్మనగ్రోవికి బెజ్జం ఎంత వేయాలి, ఎలా వేయాలి

ఆదోని నుంచి అడిగిన ప్రశ్న ఇది: హోళీకి పిల్లల కోసం 32 ఎంఎం పైపుతో వాటర్ గన్ చేశారు, మూతకు 2 ఎంఎం బెజ్జం వేశారు. నీళ్లు కొంచెం దూరం పోగానే తుంపరైపోతున్నాయి. బెజ్జం ఇంకా చిన్నది చేస్తే దూరం పోతుందా?

పోదు. పెద్దది చేయండి. ఆ పైపుకు పెద్దవాళ్ల చేతికైతే 4 ఎంఎం, పదేళ్ల లోపు పిల్లలకైతే 3 ఎంఎం సరిపోతుంది.

తోటలో మోటారు పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు ఎగిరి దూరం పడతాయి కదా, అది చూసే అందరూ చిన్న బెజ్జం అంటే ఎక్కువ దూరం అనుకుంటారు. అక్కడ సంగతి వేరు. పొడుగాటి పైపులో నీళ్లు ధారాళంగా పారేటప్పుడు ఒత్తిడిలో ఎక్కువ భాగం పైపు రాపిడికే ఖర్చవుతుంది. వేలు పెడితే పారుదల తగ్గి, ఆ ఒత్తిడి చివరిదాకా వస్తుంది. చిమ్మనగ్రోవికి అంత పైపు లేదు. ఇందులో ఒత్తిడి రెండింటి మీదే ఆధారపడుతుంది: మీరు ఎంత బలంగా నెడుతున్నారు, పైపు లోపలి వైశాల్యం ఎంత. బెజ్జం 2 అయినా 4 అయినా నీళ్లు బయటపడే వేగం దాదాపు ఒకటే. మారేది ధార లావు మాత్రమే. సన్న ధారను గాలి తొందరగా తెంపేస్తుంది.

లెక్క చూడండి. మామూలు 32 ఎంఎం వ్యవసాయ పైపు లోపలి కొలత సుమారు 28 ఎంఎం, అంటే 6.2 చదరపు సెంటీమీటర్లు. పది కేజీల బలంతో నెడితే ఒత్తిడి 1.6 బార్ (ఒక బార్ అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) దాకా వస్తుంది, నీళ్లు సెకనుకు 17, 18 మీటర్ల వేగంతో బయటపడతాయి. నెట్టుడు 40 సెంటీమీటర్లయితే పైపులో పట్టేది పావు లీటరు. అది 2 ఎంఎం బెజ్జంలోంచి పోవడానికి నాలుగు సెకన్లకు పైనే పడుతుంది, 3లోంచి రెండు సెకన్లు, 4లోంచి సెకను కంటే కాస్త ఎక్కువ, 6లోంచి అర సెకను. 8 వేస్తే అంత వేగంగా చేయి నెట్టలేదు, ఒత్తిడి పడిపోయి నీళ్లు కాళ్ల ముందే పడతాయి. అందుకే పెద్దది అంటే 5 వరకే.

ఇంట్లో డ్రిప్ సబ్‌మెయిన్ (చేలో సన్న డ్రిప్ గొట్టాలకు నీళ్లు పంచే లావు పైపు) తాలూకు 63 ఎంఎం ముక్క మిగిలిందని దాంతో చేయకండి. అదే బలానికి ఒత్తిడి నాలుగో వంతుకు, వేగం సగానికి పడిపోతుంది. నీళ్లు ఎక్కువ పడతాయి తప్ప దూరం పోవు.

ఇక సామాను. అనంతపురం, కర్నూలులో డ్రిప్ సామాను అమ్మే ఏ అంగట్లోనైనా దొరుకుతుంది. పైపుకు 32 ఎంఎం ఎంటీఏ (ఒక వైపు పైపుకు అంటించేలా, ఇంకో వైపు బయట మరలు ఉండే జోడింపు ముక్క) అంటించి, దానికి ఒక ఇంచి థ్రెడ్ క్యాప్ బిగించండి. క్యాపులు మూడు కొనండి, 3, 4, 5 ఎంఎం వేసుకుంటే చేతిని బట్టి మార్చుకోవచ్చు. అంటించేసే మూతైతే ఒక్కసారి బెజ్జం పాడైతే పైపు కోయాల్సిందే.

అర ఎంఎం తేడా కంటే బెజ్జం శుభ్రంగా రావడం ముఖ్యం. కాల్చిన మేకుతో పొడవకండి. అంచు కరిగి పెదవిలా లేస్తుంది, గుండ్రంగా రాదు, ధార వంకర పోతుంది. క్యాపు మధ్యలో అచ్చు తాలూకు చిన్న బుడిపె ఉంటే ముందు బ్లేడుతో చెక్కేయండి, లేకపోతే బిట్ పక్కకు జారుతుంది. క్యాపును చేత్తో పట్టుకోకుండా, ఒక ఎంటీఏ ముక్కకు బిగించి దాన్ని వైస్‌లో పెట్టండి. డ్రిల్‌లో గోడలకు వాడే హ్యామర్ మీట ఆపేసి, నిదానంగా తిప్పండి, వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి బిట్‌కు అంటుకుంటుంది. ముందు 2, తర్వాత 3, తర్వాత 4. లోపలి వైపు నుంచి బయటికి వేయండి, బయట చెక్కముక్క ఆనించండి. బిట్ అవతలికి వచ్చే క్షణంలో ప్లాస్టిక్‌ను లాగేస్తుంది, అప్పుడు ఒత్తిడి తగ్గించాలి.

తర్వాత పని చాలామంది వదిలేస్తారు. 8 లేదా 10 ఎంఎం బిట్‌ను చేత్తోనే తిప్పుతూ లోపలి అంచును ఒక ఎంఎం వాలుగా గీకండి. లోపలి అంచు పదునుగా ఉంటే నీళ్లు మలుపు తిరగలేక, ధార బెజ్జంలో అరవై శాతం మేరకే కుంచించుకుంటుంది. ఒక్కోసారి ఒక పక్క గోడకు అంటుకుని నెట్టిన ప్రతిసారీ ఒక్కో దిక్కుకు పోతుంది. బయటి అంచును మాత్రం గుండ్రం చేయకండి, అక్కడ నీళ్లు అంటుకుని ధార వంగుతుంది. బయటి ముఖాన్ని 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే నున్నటి గరుకు కాగితం) మీద ఒకసారి రుద్ది, వెలుతురుకు పట్టి చూడండి. వెంట్రుక లాంటి పోగు కనిపిస్తే బ్లేడుతో తీసేయండి.

ధార విసనకర్రలా పరుచుకుంటే బెజ్జం కోలగా వచ్చినట్టు. మధ్యమధ్య పేలినట్టు చిమ్మితే లోపల గాలి ఉంది: మూతి పైకెత్తి కాస్త నెట్టి గాలి పోగొట్టండి. నెట్టేటప్పుడు వెనక కారితే నెట్టే కర్ర చివర ఉన్న రబ్బరు వదులైంది. హవాయి చెప్పు రబ్బరు బిళ్ల కోసి వేసి ఆముదం రాయండి. గ్రీజు, కిరోసిన్ పెడితే రబ్బరు ఉబ్బి ఇరుక్కుంటుంది.

3 ఎంఎం మూతలోంచి నీళ్లు పీల్చి నింపాలని గట్టిగా లాగితే రబ్బరు పక్కనుంచి గాలి దూరుతుంది, మూత విప్పి నింపుకోవడమే మేలు. రంగు నీళ్లయితే పలుచటి బట్టలో వడకట్టండి. మన బోరు నీళ్లకు కొన్నాళ్లకు బెజ్జంలో తెల్లటి పొర పడుతుంది, మూతను నిమ్మరసంలో రాత్రంతా నానబెడితే వదులుతుంది. పిన్నుతో గీకితే గీతలు పడి ధార చెడుతుంది.

పంక్చర్ అంగడి కంప్రెసర్‌తో గాలి కొట్టి దీన్ని ఇంకా బలంగా చేద్దామని మాత్రం చూడకండి. పీవీసీ గాలి ఒత్తిడికి పగిలితే ముక్కలై ఎగురుతుంది. చేత్తో నెట్టేదైనా సరే, దగ్గర నుంచి ముఖానికి కొట్టొద్దని పిల్లలకు ముందే చెప్పండి, 4 ఎంఎం ధార కంటికి తగిలితే దెబ్బే.