అల్లం టీ ఎందుకు విరుగుతుంది? ఇరానీ చాయ్ ఇంట్లో కుదురుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ చాయ్ గురించే. పొయ్యి దగ్గర నుంచి రాసినవాటికి ముందు చోటిచ్చాం.

ప్రశ్న: ఇరానీ హోటల్ చాయ్ రుచి ఇంట్లో రావడం లేదు. పాలు, నీళ్లు, పత్తి (టీ పొడి), చక్కెర అన్నీ వేసి ఎంత మరిగించినా మామూలు చాయ్‌లాగే ఉంటోంది. పొరపాటు ఎక్కడ? – కరీంనగర్ పాఠకురాలు

జవాబు: అన్నీ కలిపి మరిగించడమే పొరపాటు. ఇరానీ చాయ్‌కి రెండు గిన్నెలు కావాలి. ఒకదాంట్లో డికాక్షన్, రెండోదాంట్లో పాలు. ఆ రెండూ కలిసేది కప్పులోనే.

నాలుగు చిన్న కప్పులకు లెక్క ఇది. మందపాటి గిన్నెలో 300 మిల్లీలీటర్ల నీళ్లు పొంగనిచ్చి, 4 టీ స్పూన్ల సన్నరకం పత్తి, 4 స్పూన్ల చక్కెర వేయండి. మూత పెట్టి, మూతకీ గిన్నెకీ మధ్య సందుని చపాతీ పిండితో చుట్టూ మూసేయండి. పొయ్యి మీద పెనం, పెనం మీద గిన్నె, మంట బాగా సిమ్‌లో, 20 నిమిషాలు. దీన్నే దమ్ అంటారు. చాయ్ వాసనంతా ఆవిరిలో పోయే గుణమున్నది. మూత తెరిచి మరిగిస్తే ఆ సువాసన వంటగదికి దక్కుతుంది, కప్పుకి కాదు. ఇందుకు ప్రెషర్ కుక్కర్ వాడొద్దు. అంత వేడికి పత్తిలోని వగరంతా దిగిపోతుంది.

ఈలోగా రెండో పొయ్యి మీద 400 మిల్లీలీటర్ల చిక్కటి పాలు. బర్రెపాలైతే మరీ మంచిది, ప్యాకెట్ అయితే ఫుల్ క్రీమ్ తీసుకోండి. టోన్డ్ పాలతో ఈ పని కాదు, ఎంత మరిగించినా ఆ చిక్కదనం రాదు. సన్న మంట మీద గరిటెతో అడుగంటా తిప్పుతూ, అంచులకు అంటిన మీగడని మళ్లీ పాలలోకే గీకుతూ 250కి దించాలి. అరగంటకు తక్కువ పట్టదు. పాలు లేత గోధుమరంగుకి తిరిగి, కోవా వాసన మొదలవుతుంది. అక్కడ ఆపేయండి. కొందరు రెండు స్పూన్ల కండెన్స్‌డ్ మిల్క్ కలిపి దారి దగ్గర చేసుకుంటారు. తప్పు లేదు గానీ, అప్పుడు డికాక్షన్‌లో చక్కెర సగం తగ్గించండి.

పిండి ఊడదీసేటప్పుడు ఆవిరి చేతికి కొడుతుంది, మూతని మీ వైపు కాకుండా అవతలి వైపు ఎత్తండి. డికాక్షన్‌ని పలచటి బట్టలో వడగట్టి కప్పులో సగం పోసి, పైన పాలు పోయండి. రంగు లేత ఇటుకలా ఉండాలి. తెల్లగా ఉంటే డికాక్షన్ చాలలేదన్నట్టు. నల్లగా ఉండి నాలుక మీద పట్టేస్తే మంట ఎక్కువైందన్నట్టు. బట్టలో మిగిలిన పిప్పిని పిండొద్దు. చివరి చుక్కల్లో ఉండేది వగరే.

హోటల్లో పొద్దున్నుంచీ సెగ మీదే ఉంటుంది కదా అంటారేమో. అక్కడ డికాక్షన్ ఎప్పటికప్పుడు ఖర్చవుతూ, కొత్తది పడుతూ ఉంటుంది. ఇంట్లో ఒకే డికాక్షన్‌ని సాయంత్రం దాకా వేడి చేస్తూ పోతే రుచి చచ్చిపోతుంది. మిగిలితే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఆ రోజే వాడేయండి.

ప్రశ్న: ఇరాన్‌లో కూడా చాయ్ ఇలాగే తాగుతారా? – సికింద్రాబాద్

జవాబు: తాగరు. అక్కడ పాలు కలపరు. ఎర్రటి డికాక్షన్‌ని గాజు గ్లాసులో పోసుకుని, చక్కెర గడ్డని పళ్ల మధ్య పెట్టుకుని దాని మీదుగా తాగుతారు. బొంబాయి, పుణెల మీదుగా హైదరాబాద్ చేరిన ఇరానీలు ఇక్కడి నాలుకకు తగ్గట్టు చిక్కటి పాలు జోడించారు. అబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. పాలరాతి బల్ల, వంపు చెక్క కుర్చీ, సాసర్, తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కెట్, ఇవన్నీ కలిస్తేనే ఇరానీ హోటల్. ‘ఖడే చమ్మచ్ కీ చాయ్’ అంటే చెంచా నిలబడేటంత చక్కెర వేసిన చాయ్ అని. సాసర్‌లో పోసుకుని తాగడాన్ని మోటు అనుకోవద్దు. వెడల్పు పెరిగి వేడి త్వరగా పోతుంది. బస్సు అందుకోవాల్సిన మనిషికి అది మంచి ఉపాయం. ఒక చాయ్‌ని ‘వన్ బై టూ’ చేయించుకుని ఇద్దరు గంటసేపు కూర్చున్నా లేవమనని బల్లలే ఈ ఊరి కబుర్లన్నీ విన్నాయి. నిలబడి తాగి పోయే కౌంటర్లు పెరిగే కొద్దీ అవి తగ్గిపోతున్నాయి. ఉన్నవాటికి వెళ్లి కూర్చోండి.

ప్రశ్న: అల్లం వేస్తే ఒక్కోసారి టీ విరిగిపోతోంది. తాజా పాలే, గిన్నె కూడా శుభ్రంగానే ఉంటోంది. బెల్లం టీ అయితే రెండుసార్లకొకసారి ఇంతే. – తెనాలి గృహిణి

జవాబు: మీ పాల తప్పు కాదండీ. పచ్చి అల్లంలో మాంసకృత్తులను తెంచే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. పాలు పొంగుకి రాకముందు, చెయ్యి కాలేంత వేడిలో, దాని పని జోరుగా సాగుతుంది. చైనాలో గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం వాళ్లు ఇదే గుణంతో వేడిపాలను అల్లం రసంలో పోసి, తోడు లేకుండానే పెరుగులా గడ్డకట్టించి తింటారు. మీ గిన్నెలో వద్దన్నా జరుగుతున్నది అదే.

విరుగుడు తేలిక. మరిగితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. రెండు కప్పులకు బొటనవేలి కణుపంత అల్లం కచ్చాపచ్చాగా దంచి, కప్పు నీళ్లలో 3, 4 నిమిషాలు తెర్లనివ్వండి. తర్వాత 2 టీ స్పూన్ల టీ పొడి వేసి ఇంకో రెండు నిమిషాలు. అప్పుడు, విడిగా కాచి వేడిగా ఉంచిన కప్పు పాలు పోయండి. చల్లటి పాలలో అల్లం తురిమి పొయ్యి మీద పెట్టడం మాత్రం మానేయండి. తురిమితే రసం ఎక్కువ దిగి విరగడం ఇంకా సులువు. దంచినదే మేలు.

బెల్లం సంగతి వేరు. అందులో కాస్త పులుపుంటుంది, ఖనిజ లవణాలుంటాయి. పాత బెల్లం, చెమ్మ పట్టిన బెల్లం మరీను. మరుగుతున్న పాలకు ఆ కొద్ది పులుపే చాలు. అందుకని టీ దించేసి, వడగట్టి, ఒక్క నిమిషం ఆగి, అప్పుడు తురిమిన బెల్లం వేసి కలపండి. కప్పుకి స్పూనున్నర సరిపోతుంది. కలిపాక మళ్లీ పొయ్యి ఎక్కించొద్దు. ఉదయం తెచ్చిన పాలు సాయంత్రం దాకా బయట ఉంటే, చూడ్డానికి బాగున్నా పులుపు మొదలై ఉంటుంది. వాటితో బెల్లం టీకి దిగకండి.

ప్రశ్న: లూజు టీ పొడి కొంటాం. నీళ్లలో వేయగానే ఎర్రగా దిగిపోతోంది. కల్తీయా? – రాజమహేంద్రవరం

జవాబు: అనుమానించాల్సిందే. మంచి పొడి చన్నీళ్లలో నెమ్మదిగా రంగు దిగుతుంది. వాడేసిన పొడిని ఎండబెట్టి రంగు వేయడం, చింతపిక్కల పొట్టు కలపడం పాత మోసాలే. వడపోత కాగితం మీద చిటికెడు పొడి చల్లి, కాగితం తడిసేలా నీళ్లు చిలకరించండి. కాసేపయ్యాక కుళాయి కింద కడిగి, వెలుతురుకెదురుగా పట్టి చూడండి. మరకలు మిగిలితే అది వేసిన రంగు. అయస్కాంతం తిప్పితే ఇనుప రజను ఉన్నదీ లేనిదీ కూడా తేలుతుంది. మంచి పొడి కొన్నా, మసాలా డబ్బాల పక్కన పెట్టొద్దు. ఇంగువ వాసనని పట్టేసుకుంటుంది.

ప్రశ్న: టీ, చాయ్, తేనీరు – ఏది సరైన మాట? – బెంగళూరు తెలుగు పాఠకుడు

జవాబు: మూడూ ఒక ఆకు పేర్లే. చైనాలో ఫుజియన్ తీరంవాళ్లు దాన్ని ‘తె’ అన్నారు. డచ్చి వర్తకుల ఓడల్లో ఐరోపా చేరి, ఇంగ్లీషులో ‘టీ’ అయి మద్రాసు వైపు నుంచి మనకొచ్చింది. చైనాలోనే మిగతా చోట్ల వాడే ‘చా’ అనే మాట పర్షియన్‌లో ‘చాయ్’గా మారి ఉర్దూతోపాటు నిజాం సీమకు వచ్చింది. తెలంగాణలో చాయ్, కోస్తాలో టీ కావడానికి కారణం ఇదే. తేనీరులో తేనె లేదు, అందులోని ‘తే’ తేయాకులోని ‘తే’యే. ‘తేనీటి విందు’ అని పత్రికలు రాస్తాయి గానీ, ‘ఒక తేనీరు ఇవ్వండి’ అని బండి దగ్గర ఎవరూ అడగరు.

ప్రశ్న: భోజనం అవగానే టీ తాగితే మంచిది కాదంటున్నారు. నిజమేనా? – అనంతపురం

జవాబు: నిజమే. టీకి వగరునిచ్చే టానిన్లు తిండిలోని ఇనుముని పట్టేసి ఒంటికి అందనివ్వవు. భోజనానికి కనీసం గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలు వద్దని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పాయి. రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు దీన్ని గట్టిగా పాటించాలి. ఐరన్ మాత్రని టీతో మింగడం దండగ. నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోండి.

ప్రశ్న: వాడేసిన టీ పొడిని గులాబీ కుండీల్లో వేస్తే చీమలు పడుతున్నాయి. – విజయవాడ

జవాబు: చీమలు వచ్చేది పాలకీ పంచదారకీ. పిప్పిని జల్లెడలో పెట్టి రెండుసార్లు కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, కుండీకి గుప్పెడు చొప్పున మట్టిలో కలపండి. పైన పొరలా పరిస్తే బూజు పడుతుంది.