అల్ట్రాసౌండ్‌తో ఇంట్లోనే చిన్న వస్తువులను గాల్లో తేల్చవచ్చా? ఎంత ఖర్చవుతుంది?

తేల్చవచ్చు. ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి, ఖర్చు సంగతి తర్వాత.

ఆర్డుయినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, దాని సిగ్నల్‌కు బలమిచ్చే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్, 12 వోల్టుల అడాప్టర్... అన్నీ కలిపి వెయ్యి రూపాయల్లో అయిపోతుంది. సెన్సర్ మీదున్న రెండు గుండ్రటి డబ్బీలను సాల్డరింగ్ కరిగించి ఊడదీసి, ఎదురెదురుగా రెండు సెంటీమీటర్ల దూరంలో బిగించి, 40 కిలోహెర్ట్‌జ్ సిగ్నల్ ఇవ్వాలి. అంతే. చెవికి వినపడని ఆ శబ్దాలు రెండూ ఎదురెదురుగా కలిసి మధ్యలో కొన్ని నిలకడ చోట్లు ఏర్పడతాయి, వస్తువు వాటిలో నిలుస్తుంది.

కష్టమంతా గాలితోనే. తిరుపతి మే నెలలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? పోనీ కరెంటు పోయినప్పుడు చేద్దామంటే అడాప్టర్ కూడా ఆగిపోతుంది! మా అక్క కొడుకూ నేనూ తలుపులు మూసుకుని కూర్చున్నాం. టీవీ ప్యాకింగ్ థర్మాకోల్ నుంచి గిల్లిన పూస పట్టకారుకే అంటుకుంటుంది, వదిలించుకుంటే ఎగిరిపోతుంది. వాడు ఊపిరి బిగబట్టి పైడబ్బీని వెంట్రుకవాసి కిందికి జరిపాడు. పూస కాస్త వణికి, నిలబడిపోయింది. దాని కింద నాలుగు మిల్లీమీటర్ల ఎడంలో ఇంకోటి పెడితే అదీ నిలిచింది. మొత్తం ఫ్రేమును పక్కకు వంచినా రెండూ జారలేదు. పొద్దున కుదిరిన దూరం మధ్యాహ్నానికి కుదరదు, ఎండకు గాలి వేడెక్కి శబ్దం వేగం పెరిగి ఆ నిలకడ చోట్లు జరుగుతాయి మరి.

ఇంతా చేసి స్కూలు సైన్స్ ఎగ్జిబిషన్‌లో పెడితే, జడ్జీలు ఫ్యాన్ ఆపనివ్వలేదు. ఒకాయన దారం ఎక్కడ దాచావని అడిగాడు. ఇంకొకాయన, "దీనివల్ల సమాజానికి ఉపయోగం ఏంటి బాబూ?" అన్నాడు. ఫస్ట్ ప్రైజు వంటసోడా అగ్నిపర్వతానికి! దానివల్ల సమాజానికి ఏం ఒరిగిందో మాత్రం ఎవరూ అడగలేదు.

మన చిత్తూరు రోడ్డులో గాదంకి రాడార్ 1024 యాంటెన్నాలతో ఆకాశాన్ని పరిశీలిస్తోంది. 2017లో బ్రిస్టల్ యూనివర్సిటీలో అసియర్ మార్సో బృందం మన డబ్బీల్లాంటి 72 చిన్న ట్రాన్స్‌డ్యూసర్లతో టైనీలెవ్ అనే పరికరం చేసి నీటిచుక్కను కూడా తేల్చింది. అక్కడ రేడియో తరంగాలు, ఇక్కడ శబ్దం. ఎన్నో చిన్న తరంగాలను కలిపి బలం తెచ్చుకోవడమే రెండింటి కిటుకూ. నన్నడిగితే గాదంకి చూపించే ముందు పిల్లలకు ఈ పూస చూపించాలి.

మీరు ఎగ్జిబిషన్‌లో పెట్టేటట్లయితే మాత్రం జడ్జీలను బతిమాలకండి. స్వీటు షాపువాళ్లు ఇచ్చే పెద్ద ప్లాస్టిక్ జాడీ ఒకటి పైన బోర్లించేయండి.