ఆట తయారు కాకముందే సంగీతం చేయొచ్చా?

ప్రశ్న: కొండపల్లి బొమ్మలు రాత్రిపూట లేచి తిరిగే వీడియో గేమ్ చేస్తామని మా స్నేహితులు పట్టుదలగా ఉన్నారు. రెండు పేజీల కథ తప్ప ఇంకా ఏమీ లేదు. బీజీఎం మాత్రం ఇప్పుడే పూర్తి చేసి ఇమ్మంటున్నారు. నాకు కీబోర్డు, కంప్యూటర్ రికార్డింగ్ వచ్చు. ఎలా మొదలుపెట్టాలి?
– పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మొదలుపెట్టండి, పూర్తి మాత్రం చేయకండి. సినిమాలో సీను ఎన్ని సెకన్లో ఎడిటింగ్ అయ్యాక తెలిసిపోతుంది. గేమ్‌లో ఒకరు రెండు నిమిషాల్లో దాటేసిన వీధిలో ఇంకొకరు అరగంట తిరుగుతారు. మూడు నిమిషాల పాట కట్టి ఇచ్చేస్తే, ఆట మారినప్పుడల్లా దాన్ని కోసి అతకాలి. అందుకే విడదీసి మళ్లీ కలుపుకోగలిగే ముక్కలు చేసిపెట్టుకోండి.

ముందు రాగం. మోహన బాగా పనికొస్తుంది. స రి గ ప ద అనే ఈ ఐదింటిలో అరస్వరం తేడాతో పక్కపక్కన పడేవి లేవు కాబట్టి, ఒక లేయర్ (ఒకేసారి మోగే పొర) మీద ఇంకోటి వేసినా పెద్దగా కొట్టుకోవు. రేపు కథ విషాదం వైపు తిరిగిందనుకోండి, అంతర గాంధారం (మోహనలోని ‘గ’) బదులు సాధారణ గాంధారం (దానికంటే అరస్వరం కిందిది) వేస్తే అవే స్వరాలు శివరంజనిలోకి వస్తాయి. కథ తేలకముందు ఇంత వెసులుబాటు చాలా అవసరం.

తర్వాత టెంపో, అంటే వేగం. అన్ని ముక్కలకూ ఒకటే పెట్టండి. 100 బీపీఎం (నిమిషానికి 100 బీట్లు) అయితే నాలుగు బీట్ల బార్ 2.4 సెకన్లు, 16 బార్లు 38.4 సెకన్లు. తంబుర శ్రుతి, తాళవాద్యం, బేస్, మెలొడీ నాలుగూ విడివిడిగా, సరిగ్గా అదే పొడవులో ఎక్స్‌పోర్ట్ చేయండి. గేమ్‌లో నాలుగూ ఒకేసారి మొదలవ్వాలి. అక్కర్లేని లేయర్ సున్నా వాల్యూమ్‌లో నడుస్తూనే ఉండాలి, బొమ్మకు ప్రమాదం ఎదురైనప్పుడు దాని వాల్యూమ్ పెంచాలి. అలా కాకుండా అప్పటికప్పుడు ప్లే చేస్తే తాళం తప్పుతుంది. ఎఫ్‌మాడ్, వైజ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఈ పనికే ఉన్నాయి.

ఆకట్టుకునే ట్యూన్‌ను లూప్‌లో (ఆగకుండా మళ్లీ మళ్లీ తిరిగే ముక్కలో) పెట్టకండి. ఇరవైసార్లు తిరిగేసరికి విసుగొస్తుంది. దాన్ని మెనూకీ ముఖ్య ఘట్టాలకీ దాచి, నడకకు మెలొడీ పలచగా ఉంచండి.

ఆట ఫోన్‌కా, కంప్యూటర్‌కా అన్నది మీ వాళ్లను ఇప్పుడే అడగండి. ఫోన్ స్పీకర్లో డప్పు అడుగు గుమ్మనడం దాదాపు వినపడదు. పుల్ల తగిలే ‘టక్’ను పెంచితేనే దరువు నిలుస్తుంది. ప్రాజెక్టు ఫైళ్లు, మిడి ఫైళ్లు (ఏ స్వరం ఎప్పుడు మోగాలో రాసి ఉండేవి) ఒక్కటీ చెరపకండి.

స్నేహితులే అయినా కాగితం రాసుకోండి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే అని లెక్క. విదేశాల్లోనూ అమ్మే ఆటకు అది చాలదు. ఆట ఆగిపోతే సంగీతం ఎవరిదన్నదీ అందులోనే తేల్చుకోండి.

ప్రశ్న: నా లూప్ తిరిగి మొదలైన ప్రతిసారీ చిన్న గ్యాప్ వస్తోంది, రివర్బ్ (స్వరం ఆగాక మిగిలే మోత) కూడా టక్కున తెగిపోతోంది. ఎంపీ3 ఇచ్చాను. ఏం చేయాలి?
– పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: గ్యాప్‌కు కారణం ఎంపీ3యే. అది శబ్దాన్ని 1152 శాంపిళ్ల (శబ్దపు చిన్న చిన్న కొలతల) ఫ్రేములుగా నింపుతుంది. దాంతో ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం చేరుతుంది. వేవ్ గానీ ఓజీజీ గానీ ఇవ్వండి.

రివర్బ్‌కు వేరే ఉపాయం. ప్రాజెక్టులో లూప్‌ను వెంటవెంటనే రెండుసార్లు పెట్టి, రెండో విడత మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేయండి. 38.4 సెకన్ల లూప్ అయితే 38.4 నుంచి 76.8 వరకు. మొదటి విడత చివరి మోత రెండోదాని మొదట్లో కలిసి ఉంటుంది కాబట్టి అతుకు తెలియదు. కాకపోతే ఆట తెరవగానే ఆ మోత ఎక్కడినుంచో వచ్చినట్టు వినిపిస్తుంది. తొలిసారి ప్లే చేయడానికి మొదటి విడతను కూడా విడి ఫైలుగా ఇవ్వండి.