‘నడుస్తుంది’ అన్నాడు సరే, ఏ కరెంటు మీద?

ప్రశ్న: ఏడాదిన్నర క్రితం అప్పు చేసి, పాత మెషిన్లు కొని అమ్మే వ్యాపారి దగ్గర 200 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ వెల్డింగ్ సెట్ కొన్నాను. రసీదు ఉంది. నా షెడ్‌లో సింగిల్ ఫేజ్ కరెంటే ఉంది. మెషిన్ కలిపితే ఆర్క్ నిలవదు, రాడ్డు అంటుకుపోతోంది. ‘బ్రహ్మాండంగా నడుస్తుంది’ అని నమ్మించి అమ్మినవాడు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఎలక్ట్రీషియన్‌తో లోపలి వైర్లు మార్పించినా లాభం లేదు. పక్క వర్క్‌షాప్ ఆయన తన త్రీఫేజ్ నుంచి వైరు లాక్కోమంటున్నాడు. పనిలేక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వ్యాపారి మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా? మెషిన్ ఫొటో పంపుతున్నాను.

జవాబు: మీరు పంపిన ఫొటోలోనే మీ కేసుకు పెద్ద అడ్డంకి ఉంది. మెషిన్ పక్కన బిగించిన నేమ్‌ప్లేట్ మీద 415 వోల్టులు, రెండు లైన్లు (అంటే త్రీఫేజ్‌లోని రెండు ఫేజులకు కలపాలి) అని చదవగలిగేలా ఉంది. డబ్బు ఇచ్చే ముందు దాన్ని చూశారా?

415 వోల్టుల సెట్‌కు సింగిల్ ఫేజ్‌లో వచ్చే 230 ఇస్తే రాడ్డు దగ్గర వచ్చే వోల్టేజ్ కూడా అదే నిష్పత్తిలో పడిపోతుంది. 80 వోల్టులు రావలసిన చోట 44 దాకా వస్తాయి. ఆర్క్ నిలవకపోవడానికి, రాడ్డు అంటుకుపోవడానికి అది చాలు. అంటే మెషిన్‌లో లోపం ఉండకపోవచ్చు. మీరు ‘చెడిపోయిన మెషిన్ అంటగట్టాడు’ అని ఫిర్యాదు చేస్తే, వినియోగదారుల కమిషన్ దాన్ని పరీక్షకు పంపవచ్చు. అక్కడ 415 వోల్టుల మీద చక్కగా నడిస్తే మీ కేసు ఆ రోజే పోతుంది. ‘నడుస్తుంది’ అన్న వ్యాపారి మాట కూడా అబద్ధం కాకుండా పోతుంది.

కేసును తేల్చేది ఒక్కటే. ‘నా దగ్గర సింగిల్ ఫేజ్ మాత్రమే ఉంది, దాని మీద నడవాలి’ అని కొనే ముందు మీరు ఆయనకు చెప్పారా, చెప్పినట్టు చూపించగలరా? వస్తు విక్రయ చట్టం 1930, సెక్షన్ 16 ప్రకారం, ఏ అవసరానికి కొంటున్నారో అమ్మేవాడికి తెలిపి, అతని అనుభవం మీద ఆధారపడి కొన్నారని తేలితే, ఆ అవసరానికి సరిపోయే వస్తువు ఇవ్వడం అతని బాధ్యత. అమ్మింది పాత మెషిన్ల వ్యాపారి కాబట్టి ఈ సెక్షన్ మీకు పనికొస్తుంది. వాడకం మానేసి తన సెట్ అమ్ముకున్న మామూలు మనిషి అయితే ఈ ఆధారం దొరకదు.

నేమ్‌ప్లేట్‌ను వ్యాపారి తరఫు లాయరు వదలడు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19లో ఒక మినహాయింపు ఉంది: సాధారణ శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలుంటే, పొరపాటు మాట వల్ల మోసపోయానని ఒప్పందం రద్దు చేసుకోలేరు. మీరు వెల్డరు. ప్లేటు చదవడం మీ పనిలో భాగం. ఇన్‌పుట్ వోల్టేజ్, ఫేజులు, గరిష్ఠ ఆంపియర్లు చూడకుండా అప్పు తెచ్చి డబ్బు కట్టడం నిర్లక్ష్యమే. దానికి తోడు లోపలి వైర్లు మార్పించారు. వస్తువును ఒప్పుకోలేదని చెప్పేవాడు దాన్ని విప్పడు. ఇన్నాళ్లు దగ్గర ఉంచుకోవడం, విప్పడం రెండూ కలిసి మీరు దాన్ని స్వీకరించినట్టే లెక్కకు వస్తాయి. ఇక పూర్తి డబ్బు వెనక్కి రావడం కష్టం, నష్టపరిహారం అడగవచ్చు.

పక్కాయన త్రీఫేజ్ వైరు మాత్రం ముట్టుకోకండి. ఒకరి ఆవరణకు మంజూరైన కరెంటును వేరే చోట వాడితే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద అనధికార వాడకం. రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే 12 నెలలకు లెక్కగడతారు. మీటరును తప్పించి లాగితే అది సెక్షన్ 135, జైలు దాకా వెళుతుంది. ఆ తర్వాత వ్యాపారి మీద కేసులో మీ మీదే కేసు ఉందని చూపిస్తారు. పైగా అలాంటి సెట్ పూర్తి లోడ్ మీద 415 వోల్టుల దగ్గరే దాదాపు 35, 40 ఆంపియర్లు లాగుతుంది. సన్నని పొడవాటి వైరు మీద అంత కరెంటంటే నిప్పు అంటుకోవడానికి సందు ఇచ్చినట్టే.

చీటింగ్ కేసుకు అమ్మేనాడే మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి. ప్లేటు పీకేసి వేరేది అతికించి ఉంటే ఆ దారి చూడవచ్చు. మీ ఫొటోలో ఆ ఛాయలు లేవు, వదిలేయండి.

ఇప్పుడు చేయవలసింది: కొనుగోలు నాటి మెసేజ్‌లు, కాల్ రికార్డింగులు వెతకండి. ‘సింగిల్ ఫేజ్’ అన్న మాట ఒక్కచోట దొరికినా చాలు. ఫోన్ మార్చకండి, ఏమీ చెరపకండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు చదవాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 2023, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ చేత షెడ్ సరఫరా ఎంత, మెషిన్‌కు కావలసింది ఎంత అని రాతపూర్వకంగా తీసుకోండి. వైర్లు మార్చిన ఎలక్ట్రీషియన్ దగ్గర, ఏం మార్చాడో కూడా రాయించుకోండి. ఆ సంగతి దాచకండి.

జీవనోపాధికి సొంతంగా పనిచేసుకోవడానికే కొన్నారు కాబట్టి ‘వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు’ అన్న అభ్యంతరం నిలవదు, మీరు వినియోగదారులే. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. మెషిన్ అప్పగించిన తేదీ నుంచి లెక్క వేసుకోవడం క్షేమం. మీకు ఆరు నెలలే మిగిలింది. నోటీసుల మీద నోటీసులు పంపినంత మాత్రాన గడువు పెరగదు. 15 రోజుల గడువుతో ఒకే నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, స్పందించకపోతే మీరు ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి.

మెసేజ్ ఏదీ దొరక్కపోతే ఫిర్యాదుకు ఖర్చు పెట్టకండి. ఆ డబ్బుతో త్రీఫేజ్‌కు, అదనపు లోడ్‌కు దరఖాస్తు చేయండి, లేదా ఈ సెట్ అమ్మేసి సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ వెల్డింగ్ సెట్ తీసుకోండి. 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకు 90 ఆంపియర్ల లోపే కావాలి కాబట్టి, ఆ పనికి ఇన్వర్టర్ 230 వోల్టుల మీద సుమారు 15 ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. దానికీ మంజూరైన లోడ్, వాడకం కేటగిరీ సరిచూసుకుని, ఈసారి ప్లేటు ఫొటో తీసి వ్యాపారికి పంపి, ‘నా సింగిల్ ఫేజ్ మీద నడుస్తుంది’ అన్న జవాబు మెసేజ్‌లో వచ్చాకే డబ్బు కట్టండి.